అయిదుగురికి ఒక్క బాత్రూమ్: రెండోది ఎక్కడ పెట్టాలి?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సంగతి ఇదీ. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు. ఉండేది అయిదుగురు: ఆవిడ, భర్త, డెబ్బై దాటిన అత్తగారు, పదిహేనేళ్ల కూతురు, పదకొండేళ్ల కొడుకు. ముందు గదిలో అత్తగారు, మనవరాలు పడుకుంటారు. వెనక గది దంపతులది. పిల్లవాడి పక్క హాల్లో. బాత్రూమ్ ఒక్కటే. వెనక ప్యాసేజ్‌లో ఉంటుంది, 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, తలుపు పొడవు వైపు. దాన్ని ఆనుకుని మూడున్నర అడుగుల వెడల్పున చిన్న స్టోర్ గది, ఆ తర్వాత వెనక పడకగది. ఇంటిని ఏ వైపూ పెంచే వీలు లేదు.

రెండు నెలల కిందట ఒక పొద్దున కూతురు తలస్నానం చేస్తుండగా అత్తగారు తలుపు కొట్టారు. ‘ఒక్క నిమిషం నాయనమ్మా’ అంది పిల్ల. ఆ నిమిషం ఆవిడ ఆగలేకపోయారు. కోడలు గుడ్డ తెచ్చేలోపు ఆవిడ ప్యాసేజ్‌లో గోడ పట్టుకుని వంగి, తన చీర కొంగుతోనే నేల తుడుస్తున్నారట. ఆ రోజు నుంచి సాయంత్రం అయిదు దాటితే మంచినీళ్లు ముట్టడం లేదు.

భర్త ఒక మేస్త్రీని తీసుకొచ్చారు. ముందు గది మూలలో 4 అడుగులు, 6 అడుగులు గోడ కట్టి అత్తగారికి సొంత బాత్రూమ్ చేసేస్తానని, పది రోజుల పని అని ఆయన అన్నాడు. మరిది మాత్రం స్టోర్ గదిని మార్చుకోమంటున్నారు. చివరి పేజీలో ఆవిడ ఇంకో మాట రాశారు: ‘స్టోర్ గదికి తలుపు మా గదిలోంచి పెట్టిస్తే మాకంటూ ఒకటి ఉంటుందని నాకూ ఉంది. పెళ్లయి పదిహేడేళ్లయినా స్నానం చేస్తుంటే ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు. అత్తయ్య పరిస్థితి చూశాక ఇలా అనుకోవడం తప్పేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?’

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, మీ ఇంటి బొమ్మ గీసుకుంటూ చదివాను. బొమ్మ గీశాక రెండు విషయాలు కనిపించాయి. ఒకటి మేస్త్రీ మీకు చెప్పనిది. రెండోది మీకు తెలిసీ రాయనిది.

మేస్త్రీ చెప్పనిది ముందు చూద్దాం. బాత్రూమ్ ఎక్కడ పెట్టాలో ఖాళీ మూల నిర్ణయించదు, మురుగు గొట్టం నిర్ణయిస్తుంది. మంచినీళ్ల పైపుతో ఇబ్బంది లేదు. అందులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి గోడెక్కించి, తలుపు మీదుగా తిప్పి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మురుగు తనంతట తాను జారాలి. కమోడ్ నుంచి వచ్చే 4 అంగుళాల గొట్టానికి నలభైకి ఒకటి వాటం ఇవ్వాలన్నది మామూలు లెక్క, అంటే పది అడుగులకు 3 అంగుళాలు దిగాలి. మీ ముందు గది నుంచి డక్ట్‌లో, అంటే గొట్టాల కోసం అన్ని అంతస్తులకీ కలిపి వదిలిన ఖాళీలో, నిలువుగా దిగే పెద్ద గొట్టం దాకా 16 అడుగులని మీరే రాశారు. అంటే దాదాపు 5 అంగుళాల దిగుడు. దాని పైన గొట్టం లావు, నేల మీది నీళ్లు పట్టుకునే ట్రాప్ లోతు, టైల్స్ మందం కలపండి. మీ అత్తయ్యగారి కొత్త బాత్రూమ్ నేల గది నేలకన్నా 9, 10 అంగుళాలు పైకి లేస్తుంది.

ఆవిడకి మోకాళ్ల నొప్పులని మీరు రెండో పేజీలో రాశారు. ఎవరి కోసం కడుతున్నారో ఆ మనిషే ఎక్కలేని గట్టు అది. రాత్రి రెండింటికి, సగం నిద్రలో, తడి కాళ్లతో దిగాల్సిన గట్టు కూడా.

అంతటితో అయిపోలేదు. ఆ గొట్టం హాలు దాటి రావాలి. దారిలో రెండు గుమ్మాలున్నాయి. గుమ్మంలో నేల మీద 4 అంగుళాల గొట్టం పడుకోబెట్టలేరు కదా. అప్పుడు మేస్త్రీ అనే మాట నాకు తెలుసు: ‘స్లాబుకి చిల్లు కొట్టి కిందకి దించేద్దాం.’ మీ స్లాబు కింద కింది వాళ్ల హాలు ఉంది. మీ మురుగు గొట్టం వాళ్ల తల మీద వేలాడుతుంది. ఏ జాయింటు కారినా వాళ్ల సోఫా మీదే. వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు, అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి, చిల్లు ఎక్కడ కొట్టొచ్చో ఇంజినీరు చూసి చెప్పడం, ఈ మూడూ లేకుండా ఆ పనికి చేయి పెట్టనివ్వకండి. మూడూ దొరికినా నాకైతే మనసు ఒప్పదు. పైకప్పు మీద తడి మచ్చ ఒకటి చాలు, పదేళ్ల పరిచయం పాడవడానికి.

బరువు సంగతీ ఉంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ తొమ్మిది అడుగుల ఎత్తు కడితే ప్రతి మూడు అడుగుల పొడవుకీ అయిదారు వందల కిలోలు మీ స్లాబు మీద పడతాయి. నేల ఎత్తు పెంచడానికి ఇటుక ముక్కలు, కాంక్రీటు నింపితే ఇంకో టన్ను దాకా అవుతుంది. పడకగది స్లాబుని అంత మోత మోయడానికని వేసి ఉండరు. తేలికపాటి బ్లాకులు వాడితే గోడ బరువు మూడో వంతుకి తగ్గుతుంది. కానీ గట్టు ఎత్తు తగ్గదు.

ఆ మూలలోనే కావాలంటే ఇంకో దారి ఉంది. కమోడ్ వెనక చిన్న మోటారు పెట్టె ఉంటుంది. మలాన్ని నూరి నీళ్లలా చేసి, అంగుళం పైచిలుకు గొట్టంలోంచి తోసేస్తుంది. ఆ గొట్టాన్ని గుమ్మాల మీదుగా తిప్పొచ్చు, వాటం కోసం నేల ఎత్తక్కర్లేదు. విన్నప్పుడు వరంలానే ఉంటుంది. కానీ నొక్కిన ప్రతిసారీ మోటారు చప్పుడు చేస్తుంది, అదీ పక్కనే మీ అమ్మాయి పడుకున్న గదిలో. కరెంటు పోతే ఆ కమోడ్ వాడకూడదు. తడి తుడుపుడు కాగితమో, ప్యాడో, దూది ముక్కో పడితే ఆగిపోతుంది. విప్పి బాగుచేసే మనిషి మీకు దగ్గర్లో ఉంటేనే ఆలోచించండి. అది కమోడ్‌కే పరిష్కారం. స్నానం నీళ్లకి ఆ మోటారుకి కలిసేంత ఎత్తు మళ్లీ కావాల్సిందే.

ఇక స్టోర్ గది. మీ మరిదిగారి ఆలోచనలో బలం ఉంది, కానీ ఆయన ఊహించిన రూపంలో కాదు. అక్కడి నుంచి డక్ట్ గొట్టానికి 5 అడుగులే, అంటే అంగుళంన్నర దిగితే చాలు. పైగా కమోడ్లలో రెండు రకాలు: కిందికి, నేలలోకి వదిలేది ఒకటి, వెనక గోడలోకి వదిలేది ఇంకొకటి. రెండో రకానికి బయటికి వచ్చే నోరు నేలకి దాదాపు 7 అంగుళాల ఎత్తున ఉంటుంది. అంటే గొట్టం నేల మీదుగానే, గోడ వెంట, చిన్న పెట్టెలో దాక్కుని డక్ట్‌లోకి వెళ్లిపోతుంది. నేల తవ్వక్కర్లేదు, ఎత్తక్కర్లేదు. ప్యాసేజ్ నేల ఎంత ఎత్తుందో లోపల కూడా అంతే.

షవర్ పెడితే మాత్రం కథ మారిపోతుంది. స్నానం నీళ్లు నేల మీదే పడతాయి, నేల కిందనుంచే పోవాలి. దానికి నాలుగైదు అంగుళాల గట్టు తప్పదు. అందుకే స్టోర్ గదిలో కమోడ్, మూలకి చిన్న వాష్‌బేసిన్, అంతే చాలించుకుంటే పని సులువు. మూడున్నర అడుగుల వెడల్పు కమోడ్‌కి సరిపోతుంది. కమోడ్ మధ్య గీత నుంచి అటూ ఇటూ 15 అంగుళాలు ఉండాలి, మీకు 21 ఉంది. లోతు 5 అడుగుల్లో కమోడ్ రెండుంపావు తీసుకున్నా ముందు రెండుంముప్పావు మిగులుతుంది. గోడకి వేలాడే కమోడ్ చోటు మిగులుస్తుందని షాపులో చెబుతారు. దాని ట్యాంకు, ఇనప ఫ్రేమ్ గోడ లోపల తినే అయిదారు అంగుళాలు లెక్కేస్తే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. నేల తుడుచుకోవడం తేలిక, అంతవరకే.

ఈ గదికి ఉన్న పెద్ద లోపం కిటికీ లేకపోవడం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతారు, బాగానే ఉంది, కానీ ఆ గాలి ఎక్కడికి పోతుందో దగ్గరుండి చూడండి. మేం ఇదివరకు ఉన్న ఇంట్లో ఫ్యాన్ బిగించినతను దాని గొట్టాన్ని బయటికి తీయకుండా పైనున్న అటక లోపల వదిలేసి వెళ్లాడు. ఫ్యాన్ చక్కగా తిరిగేది. ఏడాది తర్వాత అటక మీద సూట్‌కేసు తెరిస్తే బట్టలన్నీ బూజు. మీ గొట్టం డక్ట్‌లోకో ఆరుబయటికో తేలాలి, చివర పురుగులు రాకుండా మూత ఉండాలి.

మూడో దారి మీ ఇంట్లో ఎవరూ అనలేదు. ఉన్న బాత్రూమ్‌నే రెండు చేయడం. 9 అడుగుల పొడవుంది, తలుపు పొడవు వైపే ఉంది కాబట్టి ఇంకో తలుపు పడుతుంది. మధ్యలో గోడ కడితే ఒక వైపు 3 అడుగుల వెడల్పున కమోడ్ గది, ఇంకో వైపు అయిదున్నర అడుగుల వెడల్పున షవర్, కమోడ్ ఉన్న పూర్తి బాత్రూమ్. మురుగు గొట్టాలన్నీ అక్కడే ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబుని అడుగు దాకా పల్లంగా వేయడం మామూలు, మీదీ అలాంటిదైతే గట్టు బెడద అసలే లేదు. ఇటుక గోడ ముచ్చట వద్దు, తేలిక బ్లాకులు చాలు. కిటికీ ఒక భాగానికే వస్తుంది, రెండో దానికి ఫ్యాన్ తప్పదు. తలుపులు రెండూ బయటికి తెరుచుకోవాలి, లేకపోతే లోపల తిరగడానికి చోటుండదు.

దీని ఖరీదు డబ్బులో కన్నా రోజుల్లో ఎక్కువ. నేల తవ్వారంటే పాత వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. పోయిన చోట అతుకేసి సరిపెడతామంటే వినకండి, మొత్తం పల్లం మళ్లీ చేయించాలి. టైల్స్ వేసే ముందు నీళ్లు పోయే నోళ్లన్నీ బిగించి, రెండంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసి, రెండు రోజులు అలా వదిలేయాలి. ఎండకి ఆవిరయ్యేది ఓ గీత. అంతకుమించి దిగితే ఎక్కడో కారుతోందని. ఆ రెండు రోజుల్లో మీరే కిందికెళ్లి వాళ్ల పైకప్పు చూసి రండి, వాళ్లకీ ధైర్యంగా ఉంటుంది. ఇదంతా అయ్యేసరికి రెండు మూడు వారాలు. ఆ రోజుల్లో అయిదుగురు ఎక్కడికి వెళ్తారు? అందుకని ఈ పని పెట్టుకుంటే ముందు స్టోర్ గదిలో కమోడ్ పెట్టించుకుని, ఆ తర్వాత దీని జోలికి వెళ్లాలి. లేదా ఎప్పుడో పాత బాత్రూమ్‌కి ఎలాగూ మరమ్మతు వస్తుంది కదా, అప్పుడు చూసుకోవచ్చు. స్టోర్ గది అయ్యాక అసలు దీని అవసరమే కనిపించకపోవచ్చు కూడా.

అన్నిటికన్నా చిన్న పని ఇంకోటుంది. వాష్‌బేసిన్‌ని బాత్రూమ్ బయటికి, ప్యాసేజ్ గోడకి తెచ్చేయండి. పళ్లు తోమడం, మొహం కడగడం, మీవారి గడ్డం, మీ అమ్మాయి జడ, ఇవన్నీ ఇప్పుడు గడియపెట్టిన తలుపు వెనక జరుగుతున్నాయి. ఒక వారం పాటు తలుపు పక్కన కాగితం తగిలించి, ఎవరు ఎంతసేపు, దేనికి వెళ్లారో రాయమనండి. పిల్లలకి నవ్వులాటగా ఉంటుంది, రాస్తారు. కమోడ్ వాడిన సమయం ఎంతో, అద్దం ముందు నిలబడిన సమయం ఎంతో తేలిపోతుంది. నాకు తెలిసిన ఇళ్లలో అద్దానిదే పైచేయి.

ఇప్పుడు మీరు రాయని విషయానికి వస్తాను. నాలుగు పేజీల్లో మీవారి మాటలున్నాయి, మరిది మాటలున్నాయి, మేస్త్రీ మాటలున్నాయి. అత్తయ్యగారి మాట ఒక్కటీ లేదు. ఆవిడకి ఏం కావాలో ఎవరైనా అడిగారా?

అడిగితే బహుశా రెండు వేర్వేరు కష్టాలు బయటపడతాయి. పొద్దున జరిగింది కాచుకోవాల్సి రావడం వల్ల. రాత్రి కష్టం దూరం వల్ల. స్టోర్ గదిలో రెండో కమోడ్ మొదటిదాన్ని తీరుస్తుంది, రెండోదాన్ని కాదు. ముందు గది నుంచి నడక అంతే ఉంటుంది. దూరం తగ్గించడానికి బాత్రూమ్‌ని ఆవిడ దగ్గరికి తేవాలని మీవారు చూస్తున్నారు. ఆవిడే బాత్రూమ్ దగ్గరికి రావచ్చు కదా అన్నది నా బొమ్మలో కనిపించింది. అంటే వెనక గది అత్తయ్యగారికి, అమ్మాయికి. ముందు గది మీ ఇద్దరికి.

ఈ మాట రాయడానికి నేనూ కాస్త ఆగాను. ఎందుకంటే పోయేది మీ గది. మీకంటూ ఒకటి కావాలని రాసిన మనిషిని, ఉన్నది కూడా వదులుకోమన్నట్టు ఉంటుంది. అలాగని ఇది మీ కోరికకి శిక్ష కాదు. పదిహేడేళ్లుగా తీరిగ్గా ఓ స్నానం చేయాలనుకోవడం తప్పెలా అవుతుంది? ముందు గదికి వెళ్తే మీకు దక్కేదీ ఉంది. ప్యాసేజ్‌కి దూరంగా, రాత్రి ఎవరి అడుగుల చప్పుడూ వినిపించని గది అది. అత్తయ్యగారికి పోయేది కూడా ఉంది: వీధివైపు కిటికీ. రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటారని మీరే రాశారు. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. గది మార్చకుండా, రాత్రిపూట మాత్రం మంచం పక్కన కమోడ్ కుర్చీ చాలంటారేమో. ఏదీ ఆవిడ తరఫున మీరు నిర్ణయించకండి. మీవారి చేత అడిగించకండి కూడా. కొడుకుతో ఈ సంగతులు మాట్లాడటానికి ఆవిడ సిగ్గుపడతారు. మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి, ఆ పొద్దుటి సంగతి ఎత్తకుండా.

తలుపు సంగతి. స్టోర్ గదికి తలుపు మీ గదిలోంచి పెడితే అది పూర్తిగా మీదే అవుతుంది. మీరు నలుగురికీ చెప్పుకోనక్కర్లేని హాయి. కానీ పొద్దున బాత్రూమ్ మూసి ఉన్నప్పుడు అత్తయ్యగారు మీ పడకగది తలుపు కొట్టాలి. కొట్టరు. ఆపుకుంటారు. ప్యాసేజ్‌లోంచి పెడితే అందరిదీ అవుతుంది. కమోడ్ కోసం తలుపు కొట్టేవాళ్లు తగ్గిపోతారు కాబట్టి, మీ స్నానం మీకు మిగులుతుంది. రెండు వైపులా తలుపులు పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వద్దనండి. అంత చిన్న గదిలో రెండు తలుపులకి చోటుండదు, ఒక గడియ తీయడం మర్చిపోతే అవతలివాళ్లు బయటే. నన్నడిగితే ప్యాసేజ్ వైపే అంటాను, కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు. ‘మేం ఏడుగురం ఒక్కదాంతోనే పెరిగాం’ అంటున్న మీవారికి ఒకటి చెప్పండి. అప్పుడు ఆ ఇంట్లో కాచుకున్నవాళ్లు ఎవరో, చీకటితో లేచి ముందే వెళ్లివచ్చినవాళ్లు ఎవరో అత్తయ్యగారిని అడిగితే తెలుస్తుంది.

ఇవన్నీ తేలడానికి నెలలు పట్టినా, నీళ్ల విషయం ఈ వారమే చూడండి. ఆ వయసులో నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, లేవగానే కళ్లు తిరగడం వస్తాయి. ఇన్ఫెక్షన్ ఉంటే ఆపుకోలేకపోవడం ఇంకా ఎక్కువవుతుంది. ఆపుకోలేకపోవడానికి షుగర్ కారణం కావచ్చు, బీపీ కోసం వేసుకునే కొన్ని మాత్రలు కావచ్చు. మాత్ర వేళ మారిస్తేనే తగ్గే కేసులుంటాయి, కానీ డాక్టరు చెప్పాకే మార్చాలి. వయసు కదా అని ఊరుకోకండి. పగలు మామూలుగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించుకుంటే చాలు.

పని మొదలుపెట్టేటప్పుడు మేస్త్రీని డబ్బు గురించి కన్నా ముందు మూడు అడగండి. గొట్టం ఏ దారిన పోతుంది? లోపలి నేల బయటి నేలకన్నా ఎంత ఎత్తు వస్తుంది? కారడం లేదని నాకెలా చూపిస్తావు? మూడింటికీ ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అన్నాడంటే ఇంకొకరిని పిలవండి. డక్ట్‌లో పెద్ద గొట్టానికి కొత్త జాయింటు పడుతుంది, అది అందరి ఉమ్మడి గొట్టం, కాబట్టి సంఘానికి ముందే చెప్పండి. ఆ జాయింటు అడ్డంగా గుచ్చినట్టు కాక, కిందికి వాలి కలిసేలా ఉండాలి, లేకపోతే పైవాళ్లు నీళ్లు వదిలినప్పుడల్లా మీ కమోడ్ గుడగుడలాడుతుంది. గీజరు లైనుకి షాక్ కొట్టగానే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ లేకపోతే, పనిలో పనిగా అదీ పెట్టించండి.

రెండు తలుపులకీ లోపలి గడియ, అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకం తీసుకోండి. కమోడ్ పక్క గోడకి పట్టుకునే కమ్మీ బిగించేటప్పుడు అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టి, లేచేటప్పుడు ఆవిడ చేయి ఎక్కడికి వెళ్తుందో చూసి అక్కడ గుర్తు పెట్టండి. మేస్త్రీ కొలత ప్రకారం పెట్టించకండి.